అవ్యక్త గణితమునకు మనవారి వంతు

ప్రతి సంవత్సరము ఫాల్గుణ చైత్రములలో, ఒకవంక పరీక్షల తొందర సాగుచుండగనే, మన ఇంజనీరింగు కళాశాలలలోని విద్యార్థులు కొందరు ఒక ప్రతిపాదన వ్రాయుటకు కూర్చుందురు. అది కొలువు కొరకు పెట్టుకొను అర్జీ కాదు. సర్కారువారి విద్యార్థి వేతనము కొరకు నింపు ఫారమును కాదు. లోకమున నెవ్వరైనను వెల యీయక వాడుకొనదగిన గణిత సాఫ్టువేరు ఒకటి కలదు. అందులో ఫలాని లోపము మాకు కనబడినది. దానిని ఈ విధముగా సవరింపగలము. ఇన్ని వారములు పట్టును. అని ముఖపరిచయమైనను లేని దూరదేశపు నిర్వాహకులకు చేయు విన్నపమది.

ఈ విన్నపము వ్రాయుచున్న కుమారునో కుమార్తెనో చూచి తండ్రి యడుగు మొదటి ప్రశ్న మాకు తెలియును: "దీనివలన నేమి వచ్చును?" ప్రశ్న తప్పు కాదు. పొలమమ్మి చదివించిన తండ్రికి ఆ ప్రశ్న అడుగు హక్కు కలదు. కాని మన పట్టణములలో దానికి సాధారణముగా చెప్పబడు సమాధానము మాత్రము తప్పు. డాలర్లు వచ్చును, ధ్రువపత్రము వచ్చును, పెద్ద కంపెనీవారి కంట పడవచ్చును, అని చెప్పుచున్నారు. అవియు రావచ్చును. వాని కొరకే యైనచో ఈ పనికి పూనుకొనకుండుటయే మేలని మా యభిప్రాయము. ఇంతకంటె పెద్ద సమాధానమొకటి కలదు. దానిని మా పాఠకుల ముందుంచుటకే నేడీ విషయమును చేపట్టితిమి.

మొదట ఆ సాఫ్టువేరు ఎట్టిదో చూతము. సామాన్యముగా కంప్యూటరు లెక్క యనగా అంకెల లెక్క. ఒకటిని మూడుతో భాగింపుమన్నచో దశాంశ బిందువునకు వెనుక మూళ్లను వరుసగా పరచి ఎచ్చటనో నిలిచిపోవును. రెండునకు వర్గమూలము కట్టించి, ఆ వచ్చిన సంఖ్యను మరల వర్గము చేయించినచో సరిగా రెండు రాదు; కడపటి స్థానములలో ఎచ్చటనో కొద్ది తేడా నిలుచును. పొలము కొలతకును, వడ్డీ లెక్కకును ఈ తేడా లెక్కలోనిది కాదు. గణిత శాస్త్రమునకు మాత్రము అది చాలదు. సంకేత గణితము చేయు సాఫ్టువేరు మూడవ వంతును మూడవ వంతుగనే యుంచును. వర్గమూలమును వర్గమూలముగనే యుంచి, దానిని వర్గము చేసినప్పుడు నిక్కముగా రెండని చెప్పును. తెలియని రాశిని అక్షరముగ నిలుపుకొని గుణకారములను విప్పును, కారణాంకములుగ విడదీయును, సమీకరణములను సాధించును, అవకలన సమాకలనములు చేయును. మన పిల్లలు కాగితముపై చెమటోడ్చి చేయుపనినే అది అలసట లేక చేయును.

తెలియని రాశికి పేరు పెట్టి లెక్క నడుపు విద్య మనకు క్రొత్త కాదు. క్రీ. శ. 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడును, 1150 ప్రాంతమున బీజగణితము వ్రాసిన భాస్కరాచార్యుడును దీనిని నడపినవారే. యావత్తావత్తని, కాలకమని, నీలకమని, పీతకమని అవ్యక్త రాశులకు పేళ్లిడి, ఆ పేళ్ల మొదటి అక్షరములతో సమీకరణములు వ్రాసిరి. మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసెను. ఈ మాట చెప్పి మీసము దువ్వుకొనుట సులభము. తాతలు నేతులు త్రాగిరని మన మూతుల వాసన చూపినచో ఎవరి ఆకలియు తీరదు. యంత్రముచేత అవ్యక్త గణితము చేయించు విద్య గడచిన అరువది యేండ్లలో ఎక్కువగా అమెరికా, ఐరోపా దేశములలో పెరిగినది. ఆ కాలమున ఈ పనిలో మన పాలు స్వల్పము. ఆ పాలు నేడు పెంచుకొనుటకు త్రోవ యున్నదా యనునదే ప్రశ్న.

త్రోవ యున్నది. అది ఎట్లు తెరువబడినదో తెలిసికొన్నచో దాని విలువ తెలియును. 1968లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున మాక్సిమా యను సాఫ్టువేరునకు మూలమైన "మాక్సైమా" నిర్మాణము ప్రజాధనముతో మొదలైనది. 1982లో దానిపై వ్యాపారపు హక్కు ఒక కంపెనీకి పోయినది. పండితులు కలిసి తీర్చిన వస్తువు అంగడి సరకైనది. అయితే దాని ప్రతి యొకటి అమెరికా ప్రభుత్వపు శక్తి శాఖవారి యొద్ద నిలిచియుండెను. టెక్సాసు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం షెల్టర్ ఆ ప్రతిని 1982 నుండి తానొక్కడే కాపాడుచు, తప్పులు దిద్దుచు వచ్చి, 1998లో దానిని అందరికిని విడుదల చేయుటకు అనుమతి సంపాదించెను. 2001లో ఆయన మరణించెను. కంపెనీ యమ్మిన ప్రతి కొంతకాలమునకు ఎదుగుదల లేక ఆగిపోయినది. షెల్టర్ కాపాడిన ప్రతియే మాక్సిమా యను పేర నేటికిని బ్రతికియున్నది. పలువురు దానిని సవరించుచునే యున్నారు. వస్తువును వెల పెట్టి కొన్నవాడు కాదు, విడువక మరమ్మతు చేసినవాడే దానిని నిలిపెను.

రెండవ దృష్టాంతము మన విద్యార్థులకు ఇంకను దగ్గరిది. ప్రాగు నగరమున భౌతికశాస్త్రము చదువుచుండిన ఓండ్రెయ్ చెర్టిక్ అను యువకుడు పైథాన్ భాషలో సంకేత గణితము చేయు సాఫ్టువేరును తన యవసరము కొరకు ఆరంభించెను. దాని పేరు సింపై. గూగుల్ కంపెనీవారు 2005 నుండి "సమ్మర్ ఆఫ్ కోడ్" అను పథకము నడపుచున్నారు. క్రొత్తవారు ఒక స్వేచ్ఛా సాఫ్టువేరును ఎన్నుకొని, అనుభవజ్ఞుల చేతి క్రింద వేసవిలో పనిచేసినచో వారికి భత్యము లభించును. 2007లో ఈ పథకము మూలమున అయిదుగురు విద్యార్థులు సింపైలో చేరిరి. దానితో పని వేగము పుంజుకొనెను. 2009లో ఇట్లే వేసవి విద్యార్థిగ ప్రవేశించిన ఆరన్ మ్యూరర్ చేతికి 2011లో ఆ సాఫ్టువేరు నాయకత్వమే వచ్చెను. రెండేండ్లలో శిష్యుడు పెద్దయయ్యెను. వంశమును అడుగలేదు, దేశమును అడుగలేదు, పట్టాను అడుగలేదు. చేసిన పనినే చూచిరి. 2017లో సింపైని గురించి వెలువడిన శాస్త్రవ్యాసపు కర్తలలో భారత, శ్రీలంక దేశముల కళాశాలల నుండి వచ్చిన యువకుల పేర్లును గలవు.

ఇట్టి సాఫ్టువేరును మా పాఠకులకు తెలిసిన వస్తువుతో పోల్చవలెనన్న ఊరి చెరువు చాలును. చెరువు నీరు అందరిది. అందరిది గనుకనే పూడిక తీయువాడు లేనిచో ఎవరిదియు కాకపోవును. పూర్వము చెరువు త్రవ్వించినవానికిని, మరమ్మతు చేయువానికిని దశబంధపు ఇనాములిచ్చిరి. గట్టు పని, కాలువ పని వచ్చినప్పుడు ఇంటికొక మనిషి పార పట్టుకొని పోవుట కుడిమరామత్తు ఆచారము. ఆ ఆచారము సడలిన యూళ్లలో తూములు మూసికొనిపోయి, గట్లు తెగి, చెరువు క్రింది మాగాణి మెట్టయైపోవుట మన పెద్దలు కన్నదే. నీరు వాడుకొనువాడు మట్టి తట్ట మోయవలెను; మోసినవానికే తూము యొద్ద మాటాడు నోరుండును. సాఫ్టువేరు విషయమునను ధర్మము ఇదియే. మన కళాశాలలు, మన పరిశోధకులు, మన కంపెనీలు ఈ చెరువుల నీరే త్రాగుచున్నవి. మట్టి తట్ట యెత్తినవారు మాత్రము వాడుకొన్నవారిలో కొద్దిమందియే.

ఇక్కడ కొందరు స్వదేశాభిమానులు అడ్డు ప్రశ్న వేయవచ్చును: "ప్రాగులో పుట్టి అమెరికాలో పెరిగిన వస్తువునకు మన బిడ్డలు కూలి చేయనేల? మన సాఫ్టువేరును మనమే చేసికొనరాదా?" చేసికొనవచ్చును, చేసికొన్ననాడు మేమే మొదట సంతోషింతుము. కాని స్వదేశి యనగా వస్తువు పుట్టిన యూరు కాదు. అది మన వశమున నున్నదా లేదా యనునదే దాని గురుతు. వెలకు దొరకు గణిత సాఫ్టువేర్లు కొన్ని మిగుల గొప్పవి. వాని శక్తిని మేము తగ్గించి చెప్పము. కాని వాని లోపలి లెక్క ఏ దారిన నడచినదో కొన్నవానికి కనబడదు. గణితమున సమాధానమెంత ముఖ్యమో, దానికి త్రోవ అంత ముఖ్యము. త్రోవ చూపని గురువును మనము గురువనము. పైగా ఆ సరకును కొనలేక దొంగప్రతులతో కాలక్షేపము చేయుట మనలో పలువురికి తప్పుగ తోచకుండుట మరింత విచారకరము. దొంగప్రతితో చదివిన శాస్త్రము స్వాభిమానము నేర్పునా? స్వేచ్ఛా సాఫ్టువేరులో ప్రతి పంక్తియు బహిరంగము. చదువవచ్చును, తప్పు పట్టవచ్చును, దిద్దవచ్చును. దిద్దగలిగినవానికి అది పరదేశపు సరకు కాదు.

మరియొక ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. సింపై లైసెన్సు మిగుల ఉదారమైనది. మూలకర్తల హక్కు ప్రకటనను తొలగింపకుండ నుంచినచో, ఏ కంపెనీయైనను దానిని తన సరకులో కలిపి అమ్ముకొనవచ్చును. మన విద్యార్థి రాత్రులు మేల్కొని చేసిన పని ధనవంతుల ఖజానాకు చేరునేమో! చేరవచ్చును. చెరువు నీటితో పెద్ద కామందు చెరకు పండించి మిల్లునకు అమ్ముచున్నాడని చిన్న రైతు తన మడికి నీరు మానుకొనడు. కంపెనీ తీసికొన్నది ప్రతిని మాత్రమే. మూలము మూలముగనే యుండును. అదియుగాక భత్యమిచ్చు పథకము ఒక కంపెనీ దాతృత్వముపై నిలిచియున్నదనుట నిజమే. దాత మనస్సు మారినచో అది నిలువదు. అందుచేతనే ఈ పనిని ఆ భత్యమునకు ముడి పెట్టరాదని మేము చెప్పుచున్నాము.

ఇక ప్రతిపాదన వ్రాయుచున్న విద్యార్థికి కొన్ని కఠినమైన మాటలు చెప్పక తప్పదు. సింపై నిర్వాహకులు మాటలను నమ్మి ప్రవేశమీయరు. ప్రతిపాదన పరిశీలనకు రావలెనన్న అంతకుముందే ఒక సవరణయైనను చేసి, అది వారి పరీక్షకు నిలిచి, సాఫ్టువేరులో చేరియుండవలెనని వారి నియమము. ఈ నియమమును మేము మెచ్చుకొనుచున్నాము. పార పట్టనివానికి గట్టు మీద ఉపన్యాసమునకు తావుండరాదు. సవరణ యన్నను కోడు వ్రాసి పంపుట మాత్రమే కాదు. అది సరిగా పనిచేయుచున్నదని నిరూపించు పరీక్షలు దానితో కూడ రావలెను. వాడువారికి తెలియునట్లు ఉదాహరణములతో వివరణ వ్రాయవలెను. ఆ యుదాహరణములును యంత్రముచే పరీక్షింపబడును. పరీక్షకుడు పదిమారులు త్రిప్పి పంపినను కోపింపక దిద్దవలెను. మన కళాశాలలలో మార్కులు వేయు గురువునే చూచిన విద్యార్థికి, తప్పు దిద్దుకొమ్మని పదేపదే త్రిప్పి పంపు గురువు ఇచ్చటనే మొదట కనబడునేమో. వేసవి భత్యముకంటె ఈ శిక్షణయే వేయి రెట్లు విలువ గలది.

ఈ మర్యాద తెలియక మనవారు కొందరు దేశమునకు తెచ్చిన అపకీర్తి మరువరానిది. 2020 అక్టోబరులో స్వేచ్ఛా సాఫ్టువేర్లకు నాలుగు సవరణలు పంపినవారికి చొక్కా బహుమానమిచ్చు ఉత్సవమొకటి జరిగెను. ఆ చొక్కా కొరకు వివరణపత్రములలో ఒక విశేషణము చేర్చి, ఒక చుక్క మార్చి, వేలకొలది వ్యర్థపు సవరణలు లోకము మీదికి కురిసెను. వానిలో మన దేశపు యువకులవి తక్కువ కావు. జీతము లేక పనిచేయు నిర్వాహకులు ఆ చెత్త నేరుటలోనే దినములు గడపిరి. ఆ నెల మొదటి వారముననే ఉత్సవము జరుపువారు నియమములు మార్చి, సమ్మతించిన సాఫ్టువేర్లకు మాత్రమే సవరణలు పంపవలెనని కట్టడి చేయవలసివచ్చెను. చెరువు పూడిక తీయుటకు వచ్చి తట్టతో చెత్త తెచ్చి పోసినవానిని ఏమనవలెను?

నేడు అంతకంటె సులభమైన పాపము సిద్ధముగ నున్నది. అడిగినదే తడవుగ వ్యాసములును, కోడును వ్రాసిపెట్టు కృత్రిమ మేధా యంత్రములు ఇంటింటికి వచ్చినవి. వానిచేత ప్రతిపాదన వ్రాయించి, కోడు వ్రాయించి, తానర్థము చేసికొనకయే పంపు విద్యార్థి ఎవరిని వంచించుచున్నాడు? నిర్వాహకుడు అడిగిన మొదటి ప్రశ్నకే నోరు పెగలదు. యంత్రమును పనిముట్టుగ వాడుకొనుటను మేము నిషేధింపము. తన పేరు క్రింద పంపు ప్రతి పంక్తికిని తాను జవాబు చెప్పగలిగి యుండవలెను. గణితమున ఈ నిబంధన మరింత అవసరము. అందముగా కనబడు తప్పు సమాధానము ఇంజనీరు చేతికి పోయి వంతెనలోనికో యంత్రములోనికో ప్రవేశింపవచ్చును.

పని మిగిలియున్నదా, పెద్దలందరు ముగించిరా, అను సందేహము వలదు. ఈ రంగమున పని ముగియుట లేదు. 1968లో రిచర్డుసన్ నిరూపించిన సిద్ధాంతమొకటి కలదు: సామాన్య ప్రమేయములతో కూర్చిన వ్యక్తీకరణమొకటి సున్నకు సమానమా కాదా యని ప్రతి సందర్భమునను తేల్చి చెప్పగల యాంత్రిక విధానము ఉండజాలదు. అనగా ఈ సాఫ్టువేర్లలో నేర్పరులు కనిపెట్టిన ఉపాయములకు ఎప్పటికిని చోటుండును. సమాకలనమునకు రిష్ 1969లో చూపిన పద్ధతి మిగుల దీర్ఘమైనది, జటిలమైనది; దానిని పూర్తిగా యంత్రమునకెక్కించుట నేటికిని కఠినమైన పనియే. ఇవి పెద్ద పనులు. చిన్నవియు కలవు: తప్పు సమాధానమిచ్చు ఒక సమీకరణము, నెమ్మదిగా నడచు ఒక భాగము, అర్థము కాని ఒక వివరణ. క్రొత్తవారు మొదట చేయదగిన సులభమైన పనులను నిర్వాహకులే గురుతు పెట్టి చూపుచున్నారు. మొదటి తట్ట చిన్నదైనను సిగ్గు లేదు.

విద్యార్థికి ఇన్ని చెప్పి, పెద్దలకు ఏమియు చెప్పకుండుట న్యాయము కాదు. మన కళాశాలలలో చివరి సంవత్సరపు ప్రాజెక్టు పేర అంగడిలో కొనిన నివేదికలకు మార్కులు పడుచుండుట బహిరంగ రహస్యము. అట్టి నివేదిక స్థానమున, లోకమంతయు చూచుచుండగ పరీక్షింపబడి ఒక స్వేచ్ఛా సాఫ్టువేరులో చేరిన సవరణను ప్రాజెక్టుగ అంగీకరింపరాదా? దానికి సాక్ష్యము వెదకనక్కరలేదు; తేదీతో, పేరుతో, వాదప్రతివాదములతో సహా బహిరంగముగనే యుండును. మొదటి సంవత్సరపు గణిత బోధనలో అధ్యాపకులు ఈ సాఫ్టువేరును తరగతిలో చూపినచో, లోపములు మొదట కనిపెట్టువారు మన పిల్లలే యగుదురు. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ సంస్థ కేంద్ర విద్యాశాఖవారి సాయముతో విద్యార్థులకు ఇట్టి పనులలో వేసవి శిక్షణ యిచ్చుచున్నది. కేరళ ప్రభుత్వపు పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే పాఠములు నడపుచున్నవి. కేంద్ర ప్రభుత్వము 2015లోనే తన కార్యాలయములలో ఇట్టి సాఫ్టువేరును ఆదరింపవలెనని విధానము ప్రకటించెను. మన రెండు తెలుగు రాష్ట్రములు ఈ విషయమున ఒకదానితో నొకటి పోటీపడినచో ఎవరికిని నష్టము లేదు. ఇంటర్మీడియటు చదువు బాలుడు తన భాషలో చదివి ఈ విద్యలో అడుగిడునట్లు తెలుగున పుస్తకములు విరివిగ రావలెను. మల్లన తన కాలమున చేసిన పని అదియే కదా.

ఇక తండ్రి యడిగిన ప్రశ్నకు వత్తము. దీనివలన నేమి వచ్చును? పనిలో పాలు పంచుకొన్నవానికి వచ్చు హక్కు వచ్చును. లోకపు గణితము ఏ సాధనముతో నడుచుచున్నదో ఆ సాధనమున తెలుగువాని చేతి గురుతు నిలుచును. ఇంతకాలము మనము సిద్ధమైన వస్తువును వాడుకొనువారము. ఇకముందు దానిని సిద్ధము చేయువారి వరుసలో నిలుతుము. ఇది డాలర్లలో కొలువరాదు గాని, తన కుమారునకు గౌరవము రావలెనని కోరు తండ్రికి దీని విలువ చెప్పనక్కరలేదు.

ఈ సంవత్సరము ప్రతిపాదన వ్రాయుచున్న యువతీయువకులారా, వ్రాయుడు. వ్రాయుటకు ముందు ఒక చిన్న తప్పు దిద్దుడు. ప్రతిపాదన అంగీకరింపబడినచో సంతోషము; బడకపోయినను దిద్దిన తప్పు దిద్దినట్లే యుండును, దానివలన ప్రయోజనము పొందువారు పొందుచునే యుందురు. వేసవి ముగిసి భత్యము చేతికి వచ్చిన మరునాడును మీరు ఆ గట్టు మీద పారతో కనబడినచో, మీ ప్రతిపాదన నిజముగా నెగ్గినదని మేమనుకొందుము.